మోగని గంట

గదిలో అడుగుపెట్టగానే ఆమె ముందు పైకప్పు చూసింది. ఎదురుగా కుర్చీలో ముడుచుకుని కూర్చున్న అమ్మాయిని కాదు, పక్కన మీసం సవరించుకుంటున్న సెక్యూరిటీ చీఫ్‌ని కాదు, పైకప్పునే. ఉద్యోగం అంటించిన జబ్బు అది. పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురి కంటే ముందు పైకప్పును పలకరించి వస్తుందని భర్త దెప్పుతూనే ఉంటాడు. అగ్నిమాపక శాఖలో ఆమె దర్యాప్తు అధికారి. కాలిన చోట బూడిద జల్లించి, అంటుకుందో అంటించారో చెప్పడం ఆమె పని. ఆఫీసులో అందరూ వెనకాల ‘బూడిద మేడమ్’ అంటారని ఆమెకూ తెలుసు. అంతకంటే నిజమైన హోదా తనకెవరూ ఇవ్వలేదని ఊరుకుంది.

పైకప్పుకు అరచేతంత తెల్లటి పొగ డిటెక్టరు ఉంది. దాని మీద ఎర్ర చుక్క వెలిగి ఆరుతోంది. అది ప్రాణంతోనే ఉంది. పక్కన ట్యూబులైటు మాత్రం ఉండాలా పోవాలా అని కొట్టుకుంటోంది.

యూనివర్సిటీ పాత సైన్సు భవనంలో కింది అంతస్తు అది. సెక్యూరిటీ ఆఫీసును ఆనుకున్న రికార్డు గది. గోడ పొడవునా ఇనప ర్యాకులు, వాటి నిండా పాత జవాబు పత్రాల కట్టలు. కిటికీకి చెక్కలు కొట్టేశారు. నిప్పు పెడుతోందని అనుమానిస్తున్న మనిషిని ఏరికోరి ఇంత కాగితం మధ్య పెట్టి తాళం వేసిన తెలివికి ఆమె మనసులోనే ఓ దణ్ణం పెట్టుకుంది.

అమ్మాయికి పాతికేళ్లు దాటి ఉంటాయి. పై అంతస్తులో కెమిస్ట్రీ రీసెర్చి చేస్తోంది. నెల తిరక్కుండా ఆ అంతస్తులో మూడుసార్లు మంటలు లేచాయి. మొదట సెమినార్ హాల్లో చెత్తబుట్ట, తర్వాత స్టాఫ్ రూములో పేపర్ల షెల్ఫు, నిన్న ల్యాబు పక్కన స్టోరు గది. మూడుసార్లూ ముందుగా చూసి ఫోన్ చేసింది ఈ అమ్మాయే. ఇప్పుడు ఆమె మీదున్న నేరం కూడా అదే.

“ఇంకా ఏం విచారించాలి మేడమ్?” అన్నాడు చీఫ్. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. కూర్చోమన్నా కూర్చోడు. “మొదటిసారి చూసింది ఈమె. రెండోసారి చూసింది ఈమె. మూడోసారీ ఈమే. మా క్యాంపస్‌లో ఇంకెవరికీ కళ్లు లేవా?”

“కళ్లు ఉంటాయండీ. మనకెందుకులే అనుకునే బుద్ధి కూడా ఉంటుంది.”

“నాలుగింటికి పోలీసులు వస్తున్నారు. అప్పగించేస్తాం. సస్పెన్షన్ కాగితం మీద రిజిస్ట్రార్ గారు సంతకం కూడా పెట్టేశారు.”

ఆ మాటకు అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. వచ్చే వారం థీసిస్ ఇవ్వాల్సిన పిల్ల. పోలీసు కేసంటూ పడితే ఐదేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

బూడిద మేడమ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “మూడుసార్లూ నువ్వే అక్కడ ఎలా ఉన్నావు?”

“ఎక్స్‌పెరిమెంట్ నడుస్తోంది మేడమ్.”

“ఆదివారం తెల్లారకముందు కూడానా?”

“అవును.”

“ఆ సంచిలో ఏముంది?”

అమ్మాయి సంచిని కాళ్ల కిందకి జరుపుకుంది. మేడమ్ చెయ్యి చాపింది. సంచిలో టూత్ బ్రష్షు, దువ్వెన, మడతపెట్టిన దుప్పటి, ఒక జత బట్టలు ఉన్నాయి. చీఫ్ గొంతు సవరించుకుని, చూశారా అన్నట్టు మీసం మీద చెయ్యి వేశాడు.

“అబద్ధం ఒకటి దొరికింది,” అంది మేడమ్. “ఇక నిజం చెప్పు.”

“అక్కావాళ్లింట్లో ఉండేదాన్ని.” అమ్మాయి సంచిని మళ్లీ దగ్గరికి లాక్కుంది. “రెండే గదులు. ఇద్దరు చిన్నపిల్లలు. బావగారు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటారు. నాకు కూర్చుని రాసుకోడానికి చోటుండదు. అందుకే రెండు నెలల నుంచి ల్యాబులోనే పడుకుంటున్నాను. తెలిస్తే పంపించేస్తారు.”

“ఫోన్ చేస్తే అది బయటపడుతుందని తెలుసుగా?”

“తెలుసు మేడమ్.”

“తెలిసి కూడా?”

“కాలుతోంది కదా మేడమ్.”

ఆ జవాబు మేడమ్‌కి నచ్చింది. నచ్చినందుకే జాగ్రత్తపడింది. ఇంతకంటే అమాయకంగా మాట్లాడిన వాళ్లు గోడౌన్లు తగలబెట్టడం ఆమె చూసింది. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుండే ఒక ఇల్లాలు మరిది దుకాణాన్ని బుగ్గి చేసి, తనే ముందు నిలబడి గోలగోలగా ఏడ్చింది కూడా.

“ముందు నీకు తెలిసింది మంటా, పొగా?”

“రెండూ కాదు. వాసన. దోమల కాయిల్ వాసన. మూడుసార్లూ అదే. ఎవరో గదిలో వెలిగించుకున్నారేమో అనుకునేదాన్ని. కాసేపటికి పొగ వచ్చేది.”

చీఫ్ నవ్వాడు. “ఇంకా నయం, సాంబ్రాణి వాసన అనలేదు.”

“మీరు నవ్వుకోండి, నేను వింటాను,” అని మేడమ్ అమ్మాయి వైపే చూసింది. “ఎవరికి ఫోన్ చేశావు?”

“మొదటి రెండుసార్లూ గార్డు రూముకి. రూలు అదే కదా. మూడోసారి నేరుగా ఫైర్ స్టేషనుకి చేశాను.”

“అదిగో, ఆ రూలు తప్పడమే నేనంటున్నది,” అని చీఫ్ అందుకున్నాడు. “ఇక్కడ ఏం జరిగినా ముందు గార్డు రూముకి చెప్పాలి. వాళ్లు మెయింటెనెన్స్ ఇంజనీరుకి చెప్తారు. ఆయన వెళ్లి చూసి, నిజమేనంటే అప్పుడు ఫైర్ స్టేషను. లేకపోతే ఎవరో రొట్టె మాడ్చినా గేటు ముందు ఫైరింజన్ వచ్చి నిలబడుతుంది. ఊరంతా చూస్తుంది. నిన్న మా పరువు తీసింది ఈ పిల్ల.”

“రూలు ఎందుకు తప్పావు?” అంది మేడమ్.

అమ్మాయి కాస్త తటపటాయించింది. “మొదటి రెండుసార్లూ అందరికంటే ముందు ఇంజనీరు బాబాయ్ వచ్చారు. బకెట్ లేదు, సిలిండర్ లేదు. భుజాన నిచ్చెన వేసుకొచ్చారు. అంటుకున్నది కిందుంటే నిచ్చెనతో ఏం చేస్తారు మేడమ్? రెండుసార్లూ నేనే ఆర్పాను. అందుకే ఈసారి నీళ్లు తెచ్చేవాళ్లనే పిలుద్దామనుకున్నాను.”

“వైర్లు చూడాలంటే నిచ్చెన ఎక్కొద్దూ?” అన్నాడు చీఫ్.

అంతలో తలుపు మీద టకటక చప్పుడైంది. తలుపు సందులోంచి ముందు నిచ్చెన వచ్చింది, దాని వెనక మనిషి వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. చొక్కా జేబులో టెస్టరు, భుజాన పనిముట్ల సంచి. క్యాంపస్‌లో పెద్దా చిన్నా అందరికీ ఆయన బాబాయే.

“ఈ గదిలో లైటు కొట్టుకుంటోందని చెప్పారు,” అన్నాడు ఆయన. అమ్మాయిని చూసి ఆగాడు. “భయపడకు తల్లీ. అన్నీ సర్దుకుంటాయి.” తర్వాత మేడమ్ వైపు తిరిగాడు. “పదేళ్లుగా మొత్తుకుంటున్నానండీ, ఈ భవనంలో వైర్లు పుచ్చిపోయాయని. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఎవరికీ పట్టలేదు.”

“ఇప్పుడు పట్టిందిగా,” అంది మేడమ్.

“ఏం పట్టిందిలెండి. ఆడపిల్లను పట్టుకున్నారు.”

ఆ మాటలో నిజమైన బాధ ఉంది. మేడమ్ దాన్ని విని పక్కన పెట్టుకుంది. బాధ కూడా ఆమెకు సాక్ష్యమే. ఎవరిదన్నది తర్వాత తేలుతుంది.

“మీ పని మీరు చేసుకోండి బాబాయ్. ఈ పిల్లను కాసేపు వరండాలో కూర్చోబెడతాం. ఎలాగూ నాలుగింటికి తీసుకెళ్లిపోతారు,” అన్నాడు చీఫ్. గార్డును పిలిచి అమ్మాయిని అప్పజెప్పాడు. ఆమె ఫోన్ మాత్రం పొద్దున్నే లాక్కుని తన జేబులోనే పెట్టుకున్నాడు.

మెట్లెక్కుతూ మేడమ్ అంది, “పోలీసులను ఐదింటికి రమ్మనండి.”

“కుదరదు.”

“నా రిపోర్టు లేకుండా మీ కేసు కోర్టు గుమ్మం కూడా ఎక్కదు. ఆ సంగతి మీకు తెలియకపోతే వాళ్లకు తెలుసు.”

చీఫ్ పళ్లు కొరుక్కుంటూ ఫోన్ చేశాడు. ఐదింటికి మార్చాడు. కింద పనిలో ఉన్న మనిషికి ఈ మార్పు తెలియదు. ఆ సంగతి అప్పటికి వీళ్లిద్దరికీ తట్టలేదు.

స్టోరు గదికి చీఫ్ నిన్ననే స్వయంగా సీలు వేశాడు. విప్పి తలుపు తీయగానే తడిసిన బూడిద వాసన గుప్పుమంది. ఆయన నేరుగా మూలకు నడిచాడు. “ఇక్కడ మొదలైంది. పక్కనే ల్యాబు. ఆ పిల్ల టేబుల్ కింద స్పిరిట్ సీసా దొరికింది.”

“కెమిస్ట్రీ ల్యాబులో స్పిరిట్ కాక మంచినీళ్లు దొరుకుతాయా?”

“మీరు ఆ పిల్లను వెనకేసుకొస్తున్నారు.”

“నేను బూడిదను తప్ప ఎవర్నీ వెనకేసుకురాను. కాస్త జరగండి, మీ బూటు కింద నా సాక్ష్యం ఉంది.”

ఆమె మోకాళ్ల మీద కూర్చుని తడి బూడిదను పిడికెడు పిడికెడుగా తీసి చిన్న జల్లెడలో పోసింది. స్పిరిట్ పోసి అంటిస్తే మంట నేల మీద పారిన మేర మచ్చ పడుతుంది. ఇక్కడ అలాంటి మచ్చ లేదు. అట్టపెట్టెల అడుగు ఒక్కచోటే, మెల్లగా, లోపల్నించి కాలింది. ఎవరో నింపాదిగా, తను వెళ్లిపోయాక అంటుకునేలా అమర్చినట్టుంది. జల్లెడలో ఏదో టింగుమంది. ఆమె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకు పెట్టింది. మధ్యలో నాలుకలా లేచిన చిన్న రేకు ముక్క అది.

చీఫ్‌కి కాస్త ఆలస్యంగా అర్థమైంది. “కాయిల్ స్టాండు,” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

“ఈ గదిలో పడుకునేవాళ్లెవరైనా ఉన్నారా, దోమలు కుడతాయని వెలిగించుకోడానికి?”

“ఆ పిల్లే పెట్టి ఉండొచ్చు. పెట్టి, వాసన వచ్చిందని తనే చెప్పి ఉండొచ్చు.”

“ఉండొచ్చు,” అని ఒప్పుకుంది మేడమ్. నిజంగానే ఒప్పుకుంది. అప్పుడు లేచి నడుం పట్టుకుని, అలవాటు కొద్దీ తల పైకెత్తింది.

పైకప్పు అంతా మసి. డిటెక్టరు ఉండాల్సిన చోట పసుపురంగు ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది. వేడికి ఒక పక్క సాగి, కిందికి వేలాడుతోంది.

“మీరు నిన్నటి నుంచి ఈ గది కాపలా కాస్తున్నారు. అదేమిటో చూశారా?”

చీఫ్ చూశాడు. ఇంతవరకూ చూడలేదని ఒప్పుకోలేక మీసం ముట్టుకున్నాడు.

“రంగులు వేసేటప్పుడు దుమ్ము పడకుండా డిటెక్టరుకు తొడిగే మూత అది. తొడిగి ఉన్నంతసేపూ దానికి పొగ తెలియదు. పనయ్యాక తీసేస్తారు. మూడు మంటలు లేచినా మీ భవనంలో ఒక్కసారీ అలారం ఎందుకు మోగలేదో మీరెప్పుడైనా ఆలోచించారా?”

“వైర్లు పాడయ్యాయని బాబాయ్ రిపోర్టు ఇచ్చాడు.”

“పదండి, మిగతా రెండు గదులు కూడా చూద్దాం.”

సెమినార్ హాల్లో చెత్తబుట్ట ఉన్న చోటు మీద పైకప్పు నల్లగా పొగచూరి ఉంది. ఆ నలుపు మధ్యలో డిటెక్టరు కొత్త గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. దాని చుట్టూ బొటనవేలంత మేర సున్నం కూడా తెల్లగానే ఉంది. స్టాఫ్ రూములోనూ అంతే. ఎర్ర చుక్క రెండు చోట్లా నిక్షేపంగా వెలిగి ఆరుతోంది.

“పొగకు పక్షపాతం ఉండదు చీఫ్ గారూ. గదంతా పూసి, డిటెక్టరును వదిలేయదు. పొగ వచ్చినప్పుడు వీటికీ మూతలున్నాయి. పొగ పోయాక ఎవరో తీశారు.”

“ఆ పిల్లే తీసుంటుంది.”

“ఈ రెండు మంటలూ ఆరిన వెంటనే ఆ పిల్ల ఎక్కడుంది?”

చీఫ్ వేలు కిందికి చూపించాడు. “కింద. నా ఎదురుగా. స్టేట్‌మెంట్ తీసుకున్నాను.”

“చాలాసేపు పట్టిందా?”

“రెండుసార్లూ గంట పైనే కూర్చోబెట్టాను.”

“ఈలోగా ఈ గదుల్లోకి ఎవరు వచ్చారు?”

ఆయన కూడా తలెత్తి చూశాడు. ఆ పైకప్పు చేతికందే ఎత్తులో లేదు. కుర్చీ ఎక్కినా అందదు. భుజాన నిచ్చెన వేసుకుని, గార్డు రూము వాళ్లు ముందుగా పిలిచే మనిషి ఈ క్యాంపస్‌లో ఒక్కడే ఉన్నాడు. నిన్న మాత్రం అమ్మాయి రూలు తప్పింది. నిచ్చెన కంటే ముందు ఫైరింజన్ వచ్చింది. ఆ వెంటనే చీఫ్ గది సీలు చేశాడు. మూడో మూత పైనే ఉండిపోయింది.

“బాబాయా?” అన్నాడు చీఫ్. అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు. “మా ఇంట్లో ఫ్యాను ఆగినా ఆయనే వస్తాడండీ. మా ఆవిడ కాఫీ ఇవ్వకుండా పంపదు. ఆయన ఎందుకు చేస్తాడు?”

“ఎందుకో తర్వాత. ఇప్పుడు ఆయన ఎక్కడ?”

అప్పుడే వరండాలో గార్డు ఒకడు ఎదురొచ్చి తాళంచెవి చీఫ్ చేతిలో పెట్టాడు. “లైటు పని ఎప్పుడో అయిపోయింది సార్. బాబాయ్ వెళ్లిపోయారు. అమ్మాయిని మళ్లీ లోపల కూర్చోబెట్టి తాళం వేసేశాను. మీకిద్దామని వెతుకుతున్నా.”

జవాబు పత్రాల కట్టలు, చెక్కలు కొట్టిన కిటికీ, ఆ గదిలో నిచ్చెనతో ఒంటరిగా వదిలేసిన మనిషి. మూడూ ఒకేసారి మేడమ్ కళ్ల ముందుకొచ్చాయి. గోడ గడియారం నాలుగు దాటిందని చెబుతోంది. ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. వెనకాల చీఫ్ బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రికార్డు గది తలుపు కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. లోపల్నించి తలుపు దబదబా బాదుతున్న చప్పుడు. బయట రెండో గార్డు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“తాళం మీ దగ్గరుంది సార్. రూలు ప్రకారం బాబాయ్‌కి చెప్పాను. వచ్చేస్తున్నారు.”

“అమ్మాయి లోపలుందని చెప్పావా?” అంది మేడమ్.

“లేదు మేడమ్. పొగ వస్తోందని మాత్రం చెప్పాను.”

చీఫ్ ఎంత తొందరపడ్డా తాళం రెండోసారికి గానీ రాలేదు. తలుపు తెరుచుకోగానే పొగతో పాటు అమ్మాయి కూడా ముందుకు తూలింది. స్కార్ఫు తడిపి ముక్కుకు కట్టుకుంది. ర్యాకు వెనక నుంచి కాలుతున్న కట్టలను ఈడ్చి గది మధ్యలో పడేసింది. తాగడానికిచ్చిన సీసాలో నీళ్లన్నీ వాటి మీదే పోసింది. చేతివేళ్లు కమిలిపోయాయి.

“మళ్లీ ఆ వాసనే వచ్చింది మేడమ్,” అంది దగ్గుతూ. “వెతికేలోగా అంటుకుంది. ఎవరికైనా చెబుదామంటే ఫోన్ లేదు.”

ఆ ఆఖరి మాటకు చీఫ్ తల దించుకుని, గోడకున్న సిలిండర్ పీకి మిగిలిన నిప్పు మీద కొట్టాడు. మంట ఆరింది గానీ పొగ ఎక్కడికీ పోలేదు. పోవడానికి దారి లేదు. మేడమ్ పైకి చూసింది. గంట క్రితం ఎర్ర చుక్క వెలిగిన చోట ఇప్పుడు పసుపురంగు మూత ఉంది. ట్యూబులైటు మాత్రం చక్కగా వెలుగుతోంది.

“తలుపు దగ్గరగా వేయండి,” అంది ఆమె నెమ్మదిగా. “ఆయన్ని రానివ్వండి. నువ్వు బయటికెళ్లి గాలి పీల్చుకో అమ్మా.”

“ఉంటాను మేడమ్. నా మీద పడ్డ నింద ఇది. ఎలా పోతుందో నేనే చూస్తాను.”

గార్డును వరండా నుంచి పంపేసి, ముగ్గురూ ముక్కులకు గుడ్డలు అడ్డుపెట్టుకుని ర్యాకు వెనక నిలబడ్డారు. వరండాలో గోడకు నిచ్చెన తగులుతున్న చప్పుడు దగ్గరైంది. తలుపు తోసుకుని బాబాయ్ లోపలికి వచ్చాడు. ఎవరైనా ఉన్నారా అని పిలవలేదు. కట్టల వైపు చూడలేదు. పొగ బయటికి వదలడానికి కిటికీ వైపు ఒకడుగు వేసి, చెక్కలు గుర్తొచ్చి ఆగాడు. ఫైరింజన్ వచ్చేలోగా పని కావాలన్న తొందర ఆయన ఒంట్లో కనిపిస్తోంది. నిచ్చెన వేసి, వయసుకు మించిన చురుకుతో ఎక్కి, మూతను అరచేత్తో పట్టి తిప్పి లాగాడు.

గదిలో ఉన్న పొగంతా ఒక్కసారిగా డిటెక్టరుకు తెలిసింది. మూడు మంటలకూ మోగని గంట చెవులు పగిలేలా మోగింది.

ఆ మోతలో అమ్మాయి ర్యాకు వెనక నుంచి బయటికి వచ్చింది. “బాబాయ్,” అంది.

ఆయన నిచ్చెన మీద నుంచే తిరిగి చూశాడు. చేతిలో మూత జారి కింద పడింది. మొహంలో దొరికిపోయిన భయం కాదు, అంతకంటే పెద్దదేదో కనిపించింది.

“నిన్ను నాలుగింటికే తీసుకెళ్లిపోయారు కదమ్మా,” అన్నాడు. “నువ్వు వెళ్లిపోయాక కూడా అంటుకుంటే, నీ తప్పేం లేదని తెలుస్తుందనుకున్నాను. వైర్లేనని ఇప్పటికైనా ఒప్పుకుంటారనుకున్నాను. నువ్వు లోపల ఉన్నావా? నేను నిన్ను...”

మాట పూర్తి కాలేదు. ఆయన గబుక్కున ఆమె వైపు దిగబోయేసరికి నిచ్చెన ఒక పక్కకు ఒరిగింది. మేడమ్ కదిలేలోగా అమ్మాయి ముందుకు ఉరికి, కమిలిన చేతులతోనే నిచ్చెన కాళ్లు గట్టిగా పట్టుకుంది.

అప్పుడే ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అలారం వినగానే గార్డు రూము వాళ్లు రూలు ప్రకారం ముందు ఆయనకే చేస్తున్నారు. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. ఫోన్ మోగి మోగి ఆగి, మళ్లీ మొదలైంది.

చీఫ్ తన జేబులోంచి అమ్మాయి ఫోన్ తీశాడు. నిచ్చెన కాళ్లు తను పట్టుకుని, ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

“ఫైర్ స్టేషనుకి నువ్వే చెప్పమ్మా,” అన్నాడు. “నేరుగా చెప్పు.”